కాలేజీ లవ్ నవలల్లో అనుమానం హీరో: చదివేటప్పుడు ఏం గమనించాలి?

బాలాజీకాలనీ_పాఠకురాలు
తిరుపతిలో హాస్టల్ అమ్మాయిలం ఎనిమిది మందిమి కలిసి నవలలు చదవతా ఉండాం. అందరికీ క్యాంపస్ ప్రేమకథలే కావాల. చాలావాటిల్లో హీరో ఆ పిల్ల ఫోన్ లాక్కుంటాడు, ఫ్రెండ్స్‌ను దూరం పెట్టమంటాడు, ఆమె ఏడ్చి మళ్లీ వాడి దగ్గరికే పోతుంది. చదవొద్దనే సలహా వద్దండీ. రచయిత తప్పును తప్పుగానే చూపిస్తా ఉండారా, ప్రేమ పేరుతో ఒప్పిస్తా ఉండారా అనేది ఎట్లా తెలుసుకోవాల? చర్చ ఎట్లా నడపాల?

చిత్తూరు_పుస్తకాలరాయుడు
మొదట కథ ఎవరి నోట వస్తా ఉందో చూడమ్మా. హీరోయినే ‘నేను’ అని చెప్తా ఉంటే, వాడు చేసిందీ ఆమె సర్దిచెప్పుకున్నదీ కలిసిపోతాయి. పెన్సిల్ తీసుకుని ఆమె ఆలోచనల్ని కొట్టేసి చదవండి. ఉదాహరణకు:

“‘ఎవడు వాడు? ఫోనియ్యి.’ నా చేతిలోంచి లాక్కున్నాడు. ఎంత ప్రేముంటే ఇంత కోపం వస్తుంది!”

చివరి వాక్యం తీసేస్తే మిగిలేది ఫోన్ లాక్కున్న మనిషే. ఆ తర్వాతి రెండు మూడు అధ్యాయాల్లో దానికి ఆమె ఏం నష్టపోయిందో వెతకండి: పోయిన పరీక్ష, మాటలు తగ్గిన అమ్మ, పట్టని నిద్ర. ఏదీ లేకపోతే అనుమానించాల్సిందే. ముందే హెచ్చరించిన స్నేహితురాలిని కుళ్లుమోతుగా మార్చేశారంటే రచయిత ఎవరి పక్షమో ఇంక అడగక్కర్లేదు.

హీరో చిన్ననాటి కష్టం ఎక్కడ చెప్పారో కూడా చూడండి. వాడు ఘోరంగా ప్రవర్తించిన వెంటనే వస్తే అది మాఫీ కోసం పెట్టిందే. కారణం చెప్పడం వేరు, క్షమించమనడం వేరు.

సీరియల్_ప్రియ
విడిపోవడం, కలవడం అన్నిసార్లు ఎందుకొస్తాయంటే చాలావరకు సీరియల్ పద్ధతి వల్ల. అన్నా టాడ్ రాసిన కాలేజీ ప్రేమ నవల ‘ఆఫ్టర్’ 2013లో వాట్‌ప్యాడ్ అనే ఆన్‌లైన్ కథల సైట్‌లో భాగాలుగానే మొదలైంది, అచ్చులో 2014లో వచ్చింది. భాగం చివర ఉత్కంఠ లేకపోతే పాఠకులు మళ్లీ రారు. గొడవ నిజంగా తీరితే కథ అయిపోతుంది, అందుకే అదే గొడవను మళ్లీ లేపుతారు. ఇట్లాంటివి రోజుకొక భాగం చదవకండి. పది భాగాలు పోగయ్యాక ఒకేసారి చదివి, భాగానికి ఒక లైను రాసుకోండి: తప్పు ఎవరిది, క్షమాపణ ఎవరు అడిగారు. తప్పు వాడిది, క్షమాపణ ఆమెది అని వరసగా కనబడితే మీ చర్చకు అదే మొదటి ప్రశ్న.

పుంగనూరు_టీచరమ్మ
350 పేజీల నవలైతే మూడు వారాలు, వారానికి దాదాపు 120 పేజీలు పెట్టుకోండి. మొదటి చర్చకు చదివే భాగాన్ని హీరో హీరోయిన్లు తిరిగి కలవకముందే ఆపాల. ముగింపు తెలిశాక “ఆమె ఇప్పుడేం చేయాల?” అంటే ఎవరూ మనసు పెట్టి జవాబు చెప్పరు.

బలవంతం, చచ్చిపోతానని బెదిరించడం లాంటివి ఉంటే ఏ అధ్యాయంలో ఉన్నాయో ముందే చెప్పండి. సొంత అనుభవం చెప్పమని ఎవరినీ అడగొద్దు. అడిగితే పుస్తకం పక్కకు పోయి, అందరూ ఒకమ్మాయికి సలహాలు చెప్పడం మొదలుపెడతారు, ఆ పిల్ల మళ్లీ రాదు. ఎవరైనా తనంతట తాను బాధ బయటపెడితే విడిగా మాట్లాడి, మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్లు ఇవ్వండి.

వద్దన్నా వెంటపడే హీరో ఉంటే చట్టం సంగతీ చర్చలో పెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని స్పష్టంగా చెప్పినా అమ్మాయి వెంట పదేపదే పడటం నేరం. మొదటిసారి శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది.

బాలాజీకాలనీ_పాఠకురాలు
చాలా థాంక్సండీ. ఒక అధ్యాయం ఆమెది, ఒకటి వాడిది అన్నట్టు నడిచే నవలైతే?

చిత్తూరు_పుస్తకాలరాయుడు
అప్పుడు ఒకే గొడవను ఇద్దరూ చెప్పిన చోట్లు పక్కపక్కన పెట్టుకోండమ్మా. ఆమె అధ్యాయంలో ఉన్న భయం వాడి అధ్యాయంలో ‘సిగ్గు’గానో ‘అలక’గానో మారిందేమో చూడండి. మంచి రచయిత ఆ తేడా కావాలనే పెడతారు, కథ పోనుపోను వాడికి కూడా తెలిసొచ్చేట్టు చేస్తారు. చివరిదాకా వాడికి తెలియకుండానే పెళ్లి దాకా పోతే, ఆ పేజీ నంబర్లు రాసుకుని గ్రూపులో చదివి వినిపించండి.