ఇంట్లో ఏడుగురం, దారిలో సుంకి ఘాటీ: ఎర్టిగానా, క్రెటానా?

జయపురం మనవడు
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని జయపురం, బట్టల కొట్టు. తాతగారి కాలంలో బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (13, 8 ఏళ్ళు), అమ్మ, నాన్నగారు, మా దగ్గరుండి చదువుకుంటున్న చెల్లెలి కొడుకు. వెరసి ఏడుగురం. నెలకోసారి నాన్నగారి గుండె చెకప్‌కి విశాఖ వెళ్ళాలి. కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాట్ రోడ్డు దాటి సాలూరులో దిగడం. పోనూ రానూ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. ఇన్నాళ్ళూ పాత ఆల్టోతో నెట్టుకొచ్చాను, పండక్కి బొబ్బిలి వెళ్ళాలంటే మాత్రం కిరాయి బండే. ఇప్పుడు పదిహేను లక్షల దాకా పెట్టగలను. నా మనసు ఏడు సీట్ల మారుతి ఎర్టిగా మీద ఉంది. బావమరిదేమో "ట్రావెల్స్ వాళ్ళ బండి మనకెందుకు బావా, క్రెటా తీసుకో" అంటున్నాడు. ఘాటీలో తిరిగేవాళ్ళు చెప్పండి.

కొండదారి
నేను దమన్‌జోడిలో పనిచేస్తాను. పన్నెండేళ్ళుగా ఆ ఘాటీ ఎక్కి దిగుతున్నాను. ఎస్‌యూవీ తప్ప ఇంకోటి వద్దు. ఎర్టిగా ఖాళీగా ఉన్నప్పుడు నేలకీ అడుగుభాగానికీ మధ్య 185 మిల్లీమీటర్లు. ఏడుగురు ఎక్కి, పైన కేరియర్ కట్టి, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే వెనక భాగం కుంగిపోతుంది. వానాకాలం తారు లేచిపోయిన చోట, లారీలు తొక్కీ తొక్కీ మధ్యలో గట్టులా మిగిలిన మట్టి ఉంటుంది చూడండి, అది కింద రాసుకుంటుంది. ఆ శబ్దం ఒక్కసారి వింటే చాలు, మిగతా దారంతా ఆయిల్ కారుతోందేమోనని అద్దంలో వెనక్కి చూసుకుంటూ డ్రైవ్ చేస్తారు. మీ బావమరిది చెప్పింది సబబే.

బరంపురం బుల్లోడు
ఎర్టిగా కొంటే ఊళ్ళో రోడ్డు పక్కన ఆపినప్పుడల్లా ఎవడో ఒకడు "విశాఖకి ఎంత?" అని అడుగుతాడు. అనుభవం.

గుణుపురం పంతులమ్మ
కొండదారి గారూ, క్రెటాకి ఆ ఎత్తు 190. అంటే మీరు పోట్లాడుతున్నది ఐదు మిల్లీమీటర్ల కోసం. మూడు నాలుగు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే అంత ఎత్తు. పైగా ఏడు సీట్ల కియా కారెన్స్ 195. మరి దాన్ని వ్యాను అంటారా, ఎస్‌యూవీ అంటారా? అసలు విషయం మీరు చదవలేదు. ఆయన ఇంట్లో ఏడుగురు. క్రెటాలో సీట్లు ఐదు. మిగతా ఇద్దర్నీ కేరియర్ మీద కడతారా?

కొండదారి
మేడమ్, 190 అనేది ఐదుగురు కూర్చునే బండికి, 185 అనేది ఏడుగురు కూర్చునే బండికి. కాగితం మీద ఐదే తేడా, బరువు ఎక్కాక అంతే ఉండదు. ఇది ఫిజిక్స్. కారెన్స్ సంగతి నేనెత్తలేదు. ఆయన అడిగింది ఎర్టిగా.

సాలూరు స్టీరింగ్
ఏటి బాబూ, స్కేలు పట్టుకుని కొట్టుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు ఆ ఘాటీలో లారీ తోలాను. అడుగు తగిలి ఆగిపోయిన కార్లకంటే దిగుడులో న్యూట్రల్ వేసి బ్రేకులు కాల్చుకున్న కార్లనే ఎక్కువ చూశాను. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి. బండి ఏదైనా అంతే.

రాయగడ వ్యాపారి
డబ్బు విషయం ఎవరూ ఎత్తలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే 18 శాతం. ఆ పైన ఉన్నవాటికి 40. కాబట్టి ఎర్టిగా, క్రెటా రెండూ 40లోనే. బొలేరో మాత్రం 18లో పడుతుంది. మా ఇంట్లో బొలేరోనే. వెనక చక్రాలు నెట్టే బండి, డీజిల్, ఏడుగురితో ఎక్కుడులో మూలగదు.

గుణుపురం పంతులమ్మ
బొలేరో వెనక సీట్లో మీరెప్పుడైనా కూర్చున్నారా? పక్కకి తిరిగి కూర్చోవాలి. ప్రతి మలుపులో మోకాళ్ళూ మోకాళ్ళూ గుద్దుకుంటాయి. పిల్లలు నిమ్మకాయ వాసన చూస్తూనే కక్కుకుంటారు. తోలేవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రాయగడ వ్యాపారి
నేను ముందు సీటే. ఒప్పుకుంటున్నాను.

జయపురం మనవడు
ఘాటీ మొదలవగానే మా చిన్నదానికి వాంతులు. ఆ పాయింట్ రాసుకున్నాను. ఇంకో సందేహం. ఎర్టిగాలో డీజిల్ 2020 ఏప్రిల్‌తోనే ఆగిపోయింది కదా, పెట్రోల్ బండి ఏడుగురితో పొట్టంగి వైపు ఎక్కుతుందా? ఖర్చు తగ్గుతుందని సీఎన్‌జీ తీసుకుంటే?

కొండదారి
ఎక్కుతుంది, అరుచుకుంటూ. సెకండ్ గేర్లో ఏసీ ఆపేసి ఎక్కాలి. పైగా అది ముందు చక్రాలు లాగే బండి. వెనక బరువు పడితే ముందు భాగం తేలిక అవుతుంది, తడి మట్టి మీద చక్రం ఊరికే తిరుగుతుంది. సీఎన్‌జీ అయితే మూడో వరుస వెనక సిలిండరే ఉంటుంది, మీ నాన్నగారి చేతిసంచి కూడా ఒళ్ళో పెట్టుకోవాలి.

సాలూరు స్టీరింగ్
క్రెటా కూడా ముందు చక్రాల బండే నాయనా.

కొండదారి
అయితే స్కార్పియో తీసుకోమనండి. నేను చెప్పేది ఎస్‌యూవీ అనే మాట గురించి. ఎన్ని పేర్లు పెట్టినా వ్యాను వ్యానే.

గుణుపురం పంతులమ్మ
చూశారా! మొదట నేలకి ఎత్తు అన్నారు, తర్వాత చక్రం అన్నారు, ఇప్పుడు పేరు అంటున్నారు. మా అన్నయ్య కూడా ఇలాగే వాదించి ఐదు సీట్ల ఎస్‌యూవీ కొన్నాడు. నల్లది, మెరిసిపోయేది. అన్నయ్య, వదిన, ముగ్గురు పిల్లలు. సరిగ్గా ఐదు. మా అమ్మకి ప్రతిసారీ "వచ్చేసారి నువ్వు రావచ్చులే" అని చెప్పడం. పార్వతీపురంలో మేనకోడలి పెళ్ళికి అమ్మ బస్సులో వెళ్ళింది. రాయగడలో దిగి, ఎండలో నిలబడి, ఇంకో బస్సు పట్టుకుని. చేతిలో పెళ్ళికూతురి కోసం చేసిన అరిసెల డబ్బా. ఆవిడ మండపం చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. ఆ నల్ల బండి గుమ్మం ముందే ఆగి ఉంది, పువ్వులు కట్టుకుని. దానికి నేలకి ఎత్తు ఎంతో నాకు తెలీదు, తెలుసుకోను కూడా.

బరంపురం బుల్లోడు
🙏

కొండదారి
మేడమ్, అది మీ అన్నయ్య తప్పు. బండి తప్పు కాదు. అందరికీ ఒకే కథ అంటగట్టకండి.

మీరు కథ చెప్పారు కాబట్టి నాదీ వినండి. నాకు ఏడు సీట్ల బండి ఉండేది. ఇన్నోవా, సెకండ్ హ్యాండ్. అది కొన్న రోజు నుంచి నేను మనిషిని కాదు, డ్రైవర్ని. పెద్దనాన్నగారి కొడుక్కి పెళ్ళిచూపులంటే నేనే. మావయ్యగారు సింహాచలం మొక్కు తీర్చుకోవాలంటే నేనే. విజయనగరం సిరిమానుకి పోదామంటే ముందు రోజు రాత్రే మా ఇంట్లో దిగిపోయేవారు, పది మంది. డీజిల్ సంగతి ఒక్కరూ ఎత్తరు. "నీకేం ఒరే, పెద్ద బండి ఉంది" అంటారు. కాదంటే పొగరు. ఒకసారి మా పిన్నిగారి అబ్బాయి బండి అడిగి తీసుకెళ్ళాడు, సాయంత్రానికి తెస్తానని. ఆ రాత్రి మా ఆవిడకి ఏడో నెలలో నొప్పులు వచ్చాయి. బండి అరకులో ఉంది. పక్కింటాయన స్కూటర్ మీద తీసుకెళ్ళాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. నెల తిరగ్గానే అమ్మేశాను. ఇప్పుడున్నది ఐదు సీట్లది. ఎవరైనా అడిగితే "చోటు లేదండీ" అంటాను. అబద్ధం చెప్పక్కర్లేదు. అందుకు కొన్నాను దాన్ని.

సాలూరు స్టీరింగ్
అదీ సంగతి. ఇంతసేపూ మిల్లీమీటర్లు ఎందుకు కొలిచినట్టు?

గుణుపురం పంతులమ్మ
మీ బాధ అర్థమైంది. కానీ మీరు వద్దనాల్సింది పిన్నిగారి అబ్బాయిని. వద్దనే ధైర్యం మీకు లేక, ఆ పని సీట్ల చేత చేయించారు. ఆ ఐదు సీట్లూ మీ అమ్మగారికి కూడా వద్దనే చెబుతాయి కదా.

కొండదారి
మా అమ్మ లేదు. 2019లో పోయింది. ఆ ఇన్నోవాలో రెండో వరుస ఎడమ సీటు ఆవిడది.

బరంపురం బుల్లోడు
అన్నా, సారీ.

గుణుపురం పంతులమ్మ
క్షమించండి. నాకు తెలియదు.

జయపురం మనవడు
నా ప్రశ్న వల్ల ఇంత దూరం వచ్చింది. మొదటి పోస్టులో ఒకటి దాచాను. క్రెటా మాట బావమరిది ఒక్కడిదే కాదు, మా ఆవిడది కూడా. కారణం దాదాపు కొండదారి అన్నయ్య చెప్పిందే. ఇంకో చెల్లెలి కుటుంబం కూడా మా ఊళ్ళోనే ఉంది, ఇంకో రెండు ఇళ్ళున్నాయి. "బండి మనది, పెత్తనం ఊరిది" అంటుంది. నాన్నగారు అది విన్నట్టున్నారు. నిన్న భోజనాల దగ్గర "మేమిద్దరం బస్సులో వస్తాంలే, అలవాటే కదా" అన్నారు. గుండెలో స్టెంట్ ఉన్న మనిషి. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఇవాళ కొట్టు గంట ముందే మూసి, అమ్మని షోరూమ్‌కి తీసుకెళ్ళాను. మూడో వరుసలోకి ఆవిడ వెళ్ళలేదు. సీటు ముందుకి జరిపినా మోకాలు వంగలేదు. సేల్స్ కుర్రాడు చెయ్యి అందిస్తే వద్దని వెనక్కి వచ్చేసింది. రెండో వరుసలో మాత్రం చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఒక్క అడుగులో ఎక్కేసింది. కూర్చున్నాక పక్క సీటు మీద చెయ్యి వేసి "ఇక్కడ చిన్నది, కిటికీ దగ్గర. వాంతి వస్తే నేను పట్టుకుంటాను" అంది. వెనక వరుస పెద్దోడికీ మేనల్లుడికీ. మా ఆవిడకి ఒక మాట ఇచ్చాను. బండి తాళం నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు, నేను లేకుండా గేటు దాటదు. పెట్రోల్ ఎర్టిగా, సీఎన్‌జీ వద్దు. బుధవారం అడ్వాన్స్ కడుతున్నాను.

రాయగడ వ్యాపారి
విజయనగరంలో చవకని ఎవరైనా అంటే వినకండి. జయపురంలో ఉంటూ ఆంధ్రా నంబర్‌తో ఏడాదికి మించి తిరగకూడదు, మళ్ళీ ఇక్కడ ట్యాక్స్ కట్టాలి. మన కోరాపుట్ జిల్లా ఓడీ-10 నంబరే తీసుకోండి.

కొండదారి
ఏడుగురూ ఎక్కే రోజు టైర్లలో గాలి మామూలుగా కొట్టించకండి. డ్రైవర్ డోరు తెరిస్తే స్టిక్కర్ ఉంటుంది, ఫుల్ లోడుకి వేరే అంకె రాసి ఉంటుంది, అది చూసుకోండి. సామాన్లలో బరువైనవి కేరియర్ మీద వద్దు. వెనక ఇద్దరు పిల్లలే అయితే కింద తగలకపోవచ్చు.

బరంపురం బుల్లోడు
మరి ముందు సీటు? ఆవిడదా, నాన్నగారిదా?

జయపురం మనవడు
దాని మీద ఇంకో చర్చ మొదలెట్టకు తమ్ముడూ.