ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మత, నైతిక విద్యకు విడి పీరియడ్ ఉండాల్నా, వద్దా?

పెన్న గట్టు (కడప)
ప్రాథమిక బడుల్లో వారానికొక పీరియడ్ మత, నైతిక విద్యకు పెట్టాలని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. పెట్టాలనే నేనంటా. మన పిల్లలు పెద్దదర్గా ఉరుసు చూస్తారు. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికొచ్చి వెంకటేశ్వరునికి మొక్కుకునేది చూస్తారు. క్రిస్మస్‌కు పక్కింటివాళ్లు ఇచ్చిన కేకు తింటారు. ఇవన్నీ ఎందుకో బళ్లో ఎవరూ చెప్పకుంటే, వీధిలో ఎవరో ఒకరు వాళ్ల లెక్కన చెప్తారు. చట్టం ఒప్పుకోదని మొదట్లోనే తలుపు మూసేయొద్దండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
చట్టం తలుపు మూయలేదు సార్, గడప గీసింది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కుదరదు. అంటే మండల పరిషత్ బడుల సంగతి అక్కడే తేలిపోయింది. ఎయిడెడ్ బడిలో, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడిలో చెప్పొచ్చు గాని, తల్లో తండ్రో ఒప్పుకోకుండా పిల్లవాణ్ణి అందులో కూర్చోబెట్టకూడదు. అయితే 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని తేల్చింది.

ఆ తేడా క్లాసులో చెప్పే వాక్యంలోని క్రియ దగ్గర దొరుకుతుంది. 'రంజాన్ నెలలో ఉపవాసం ఉండే ముస్లింలు తెల్లవారుజాము నుంచి పొద్దుకూకేదాకా నీళ్లు కూడా తాగరు' అంటే సమాచారం. 'ఉపవాసముంటే దేవుడు మెచ్చుతాడు' అంటే బోధ. రెండోదాన్ని 'మెచ్చుతాడని వాళ్లు నమ్ముతారు' అని మార్చండి, మళ్లీ గడపకు ఇవతల పడుతుంది. టీచరు నోట్సులో వాక్యం వాక్యం ఇట్ల సరిచూసుకోవచ్చు. చేతులు జోడించమనడం, శ్లోకమో కీర్తనో దువానో అందరితో అనిపించడం మాత్రం ఏ సవరణకూ లొంగవు.

చిత్రావతి (అనంతపురం)
మతాల గురించి చెప్పేకి నాకు అభ్యంతరం లేదు. నైతిక విద్యకు విడి పీరియడ్ అనేదే నచ్చదు. ఆ పీరియడ్‌లో జరిగేది ఇదీ: టీచరు కథ చెప్తుంది, చివర 'నీతి ఏంది?' అంటుంది, ముప్పై గొంతులు 'అబద్ధమాడరాదు!' అని ఒక్కసారిగా అంటాయి. దానివల్ల తేలింది పిల్లలకు గొంతుందని మాత్రమే. ఇంక దానికి మార్కులు కూడా పెడితే, నిజం చెప్పేదానికన్నా మంచివాడిగా కనిపించేది లాభమని రెండో తరగతికే అర్థమైపోతుంది.

విడి పుస్తకం కూడా అక్కర్లేదు. రోజూ అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పిస్తున్నాం కదా. 'సుసంపన్నమైన, బహువిధమైన' అనే మాటలు ఐదో తరగతి పిల్లలు కూడా ఊపిరాడకుండా అనేస్తారే గాని, అర్థమడిగితే గోడవైపు చూస్తారు. నెలకొక వాక్యం తీసుకోండి. 'ప్రతివారితోను మర్యాదగా నడుచుకొంటాను' వచ్చిన నెలలో మధ్యాహ్న భోజనం వరసే పాఠం. వడ్డించే అక్కను ఏమని పిలుస్తున్నారు? గుడ్డు తిననోణ్ణి ఎవరు ఎగతాళి చేస్తున్నారు? ఈ రెండూ నెలంతా గమనిస్తే చాలు.

నిజాయితీ నేర్పాలంటే మూడు నుంచి ఐదు తరగతులకు మనిషి లేని పెన్సిళ్ల అంగడి పెట్టండి. ఒక ట్రేలో 20 పెన్సిళ్లు, ఒక్కోటి 5 రూపాయలు, పక్కన మూతకు చీలిక పెట్టిన డబ్బా. శుక్రవారం సాయంత్రం ఇద్దరు పిల్లలు లెక్కేసి బోర్డు మీద రాస్తారు: పోయినవి 20, రావాల్సింది 100, వచ్చింది 85, తక్కువ 15. అంతే. ఎవరని అడగకూడదు. చాలాచోట్ల ఇది చెడేది ఆ సాయంత్రమే. టీచరుకు కోపమొచ్చి సంచులు వెతికిస్తుంది, సోమవారానికి అంగడి పోలీస్ స్టేషన్ అయిపోతుంది. ఊరికే అంకె రాసిపెడితే, ఆ 15 గురించి పిల్లలే మాట్లాడుకుంటారు.

పెన్న గట్టు (కడప)
అక్కా, తక్కువ వచ్చిందంటే క్లాసంతా చూసేది బీదపిల్లోని వైపే. అడగకున్నా చూపులు పోతాయి. అది నీతి పాఠం ఎట్లయితుంది?

చిత్రావతి (అనంతపురం)
నిజమే అన్నా, ముందే చెప్పాల్సింది. డబ్బా పక్కనే చిన్న కాగితపు చీటీలు పెట్టాల. డబ్బు లేనోళ్లు పెన్సిల్ తీసుకుని 'అప్పు' అని రాసి చీటీ డబ్బాలో వేస్తారు. పేరు రాయరు. తీర్చేటప్పుడు 5 రూపాయలు వేస్తారు. లెక్కలో చీటీలు డబ్బుతో సమానం, అట్లా వచ్చిన తేడా కొరత కిందికి రాదు. మొదటి వారం టీచరే అందరి ముందర ఒక చీటీ రాసి పెన్సిల్ తీసుకోవాల. లేకుంటే చీటీ ముట్టేకి పిల్లలు సిగ్గుపడతారు.

తుంగభద్ర (ఆదోని)
ప్రైవేటు బడులు ఆ ఒప్పుకోలు ఎట్లా తీసుకుంటాయో ఎవరూ ముట్టలేదు. ఒప్పుకోలు పేపరు అంటారు, అడ్మిషన్ ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో అచ్చేసి సంతకం పెట్టించుకుంటారు. అది ఒప్పుకోలు కాదు. విడి కాగితం కావాల, తెలుగులోనూ ఉర్దూలోనూ, అందులో ఏం చెప్తారో రాసుండాల. సంతకం రాలేదంటే వద్దన్నట్టే లెక్క.

వద్దన్న పిల్లలు ఆ గంటసేపు ఎక్కడుంటారనేది ఇంకా ముఖ్యం. వరండాలో ఒంటరిగా కూర్చోబెడితే ఏడేళ్ల బిడ్డకు అది శిక్షే. వాళ్ల కోసం పక్క గదిలో కథల పుస్తకాలు, ఇంకో టీచరు ఉండాల. ఇంకో టీచరు లేకుంటే ఆ పీరియడ్ పెట్టే అర్హత ఆ బడికి లేదు. అసెంబ్లీలో అయితే అసలే వద్దు, అక్కడ పక్కకు జరిగిన బిడ్డను బడంతా చూస్తుంది. 1986లో కేరళ పిల్లల కేసులో సుప్రీంకోర్టు, జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన పిల్లల్ని బడిలోంచి పంపేయడం తప్పంది. గీతానికే అట్లయితే ప్రార్థన మాట చెప్పాల్నా?

పెన్న గట్టు (కడప)
సరే, నైతిక విద్య పీరియడ్ పట్టు వదిలేస్తా. పండగల గురించి చెప్పేది మాత్రం వదలను. గోడకు పన్నెండు నెలల చార్ట్ పెట్టి, ఏ నెల పండగ ఆ నెలలో పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో ఇరవై నిమిషాలు చెప్తే సరిపోతుందా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
సరిపోతుంది, ఒక్క సవరణతో. రంజాన్, పీర్ల పండగ నెల గడిలో అచ్చేయొద్దు. అధికమాసం లేని చాంద్రమానం లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తాయి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులు కూడా వందలూళ్ల నుంచి పోతారు, దాన్ని తప్పు నెలలో చూపిస్తే పిల్లలే మనల్ని సరిదిద్దుతారు. అవి విడి అట్టముక్కల మీద రాసి, క్యాలెండర్ చూసి ఏటా పిన్నుతో గుచ్చండి.