సమస్యాపూరణం: ఒక్క గింజ మింగె నుర్వి నెల్ల

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీవి. ఉర్వి అంటే భూమి.

ఒక్క గింజ మింగె నుర్వి నెల్ల

షరతు ఒకటే. పూరణలో 18446744073709551615 కనబడాలి, అంకెలుగా కాకపోయినా గుణంలోనైనా. చదరంగం మొదటి గడిలో ఒక గింజ వేసి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గడుల మొత్తం ఇదే. గణిత కవి పావులూరి మల్లన దీన్ని భూతసంఖ్యల్లో (అంకెలకు బదులు వాటిని సూచించే మాటలతో), ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి పద్యంలో పట్టించాడు. కాబట్టి ‘పట్టడం లేదు’ అనే సాకు చెల్లదు!

గోదావరి గట్టు:

గడికి గడికి రెట్టి గణియించి పోయగా
అరువది నాలుగు నైన పిదప
రాజు గాదె లెల్ల రవ్వంతయే యయ్యె
ఒక్క గింజ మింగె నుర్వి నెల్ల

తేటనీళ్లు: ఎత్తుగడ బాగుందండీ. రెండో పాదంలో ‘అరువ-దినాలు-గు’ అని విడదీస్తే ‘దినాలు’ జగణం (లఘువు, గురువు, లఘువు), అక్కడ రావలసిన సూర్యగణం కాదు. ‘అరువదియును నాల్గు నైన పిదప’ అంటే గణాలూ యతీ రెండూ సరి. ‘ఉర్వి’ అతిశయోక్తేమోనని లెక్క వేశాను. గోధుమ గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం 46,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే గోధుమ 80 కోట్ల టన్నుల దరిదాపు. అంటే ఐదు వందల ఏళ్ల పంట పోసినా చాలదు. ఉర్వి ఉండాల్సిందే.

లెక్కల మాస్టారు:

రెండు తప్ప వేరు రీతిగా విడనట్టి
సంఖ్య నుండి యొకటి జారవిడువ
సప్త కారణాంక సముదాయ మది పుట్టె
ఒక్క గింజ మింగె నుర్వి నెల్ల

రెండు ఘాతం 64 నుంచి ఒకటి తీస్తే మన మొత్తమే. దాని ఏడు కారణాంకాలూ ఇవి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641, 6700417 వెనుక పెద్ద కథే ఉంది. రెండు ఘాతం 32కి ఒకటి కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించి చూపించాడు. భాగఫలమే 6700417.

తేటనీళ్లు: మాస్టారూ, వ్యాఖ్య పద్యాన్ని మించిపోయింది. ఏడు అనేది ప్రధాన కారణాంకాల సంఖ్య. మొత్తం కారణాంకాలు 128 కదా! పైగా మూడు పాదాల్లో ఎక్కడా ఉర్వి లేదు, నాలుగో పాదంలో ఉన్నట్టుండి ఊడిపడింది. అన్వయం కుదరలేదు.

లెక్కల మాస్టారు: ‘ప్రధాన’ కూడా జగణమేనండీ, అందుకే వదిలేశా. అన్వయం మాటకు నా దగ్గర జవాబు లేదు.

చింతచిగురు:

గడుల మొత్తమునకు గడి పైది సరియంచు
పుడమి నొడ్డె రాజు పొగరుతోడ
లెక్క తేల్చి చూడ లేకపోయె నొకటి
ఒక్క గింజ మింగె నుర్వి నెల్ల

గోదావరి గట్టు: అబ్బ! 1, 2, 4 కలిపితే 7, పై గడిలో 8. ఎంత దూరం పోయినా ఆ ఒక్కటి తక్కువే. 65వ గడి ఉంటే అందులో చివరి అంకె 6, మన మొత్తంలో 5.

తేటనీళ్లు: ‘గడి పైది’ కాస్త తిరగేసినట్టుంది, ‘పై గడి’ సహజం. అయినా సమస్యలోని అసంబద్ధత పూర్తిగా విడిపోయింది ఈ పూరణలోనే. గింజ నిజంగానే రాజ్యాన్ని మింగింది.

నిర్వాహకుడు: నా ఓటూ చింతచిగురు గారికే. మాస్టారు గారూ, మీ ఏడు సంఖ్యలకు ఆటవెలది ఇరుకు. సీసంలో ప్రయత్నించండి.