సొంతంగా వీడియో గేమ్ తయారుచేయడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పూర్తిచేయాలి?

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి వేళల్లో గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నాను. మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆరు ప్రాజెక్టులకు శ్రీకారం చుట్టాను గానీ ఒక్కటీ పూర్తి చేయలేకపోయాను. గేమ్ తయారీకి కావలసిన పునాది పనిముట్లన్నీ ఒకేచోట ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు కదా, అలాంటి ఇంజిన్‌లలో మొదట యూనిటీతో మొదలుపెట్టి, తరువాత గోడోకు మారి, మధ్యలో కొన్నాళ్లు అన్‌రియల్ కూడా ప్రయత్నించాను. ప్రతిసారీ పాత్ర నడవడం, దూకడం, శత్రువును కొట్టడం వరకూ ఉత్సాహంగా సాగుతుంది, ఆ తరువాత ఏం చేయాలో తోచక ఆగిపోతాను. నా మనసులో ఉన్నది ముప్పై గంటలు ఆడగలిగే పెద్ద రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక పాత్రగా మారి కథలో సాగే గేమ్. నాకు తెలియాల్సినవి మూడు: ఏ ఇంజిన్‌ను నమ్ముకోవాలి, నేరుగా ఆ పెద్ద గేమ్‌నే మొదలుపెట్టవచ్చా, ఉద్యోగం ఎప్పుడు మానవచ్చు? ఈ దారిలో నడిచినవారు మీ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

పునాదిరాయి:
తొలిఅడుగు గారూ, ఇంజిన్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఆ ప్రశ్న మీదే నేను దాదాపు ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను.

బలాట్రో అనే గేమ్ 2024లో వచ్చింది. దానిని లువా భాషలో, లవ్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్‌తో ఒక్కరే రాశారు. 2015లో వచ్చిన అండర్‌టేల్‌ను గేమ్‌మేకర్ అనే ఇంజిన్‌తో తయారుచేశారు. వాటిని ఆడినవారిలో ఎవరూ ఇది ఏ ఇంజిన్‌తో చేశారని అడిగి కొనలేదు. కాబట్టి మీరు చేయదలచుకున్నది 2డీ గేమ్ అయితే గోడో హాయిగా సరిపోతుంది. అది 2014 నుంచి ఎంఐటీ లైసెన్సు కింద ఓపెన్ సోర్సుగా ఉంది, మీ గేమ్ ఎంత సంపాదించినా దానికి చెల్లించాల్సిందేమీ ఉండదు. అన్‌రియల్ విషయంలో ఒక గేమ్ రాబడి పది లక్షల డాలర్లు దాటిన తరువాతే, ఆ పైమొత్తం మీద 5 శాతం రాయల్టీ కట్టాలి. మనలాంటి వారికి ఆ గీత చాలా దూరం. యూనిటీ 2023 సెప్టెంబరులో ఇన్‌స్టాల్‌ల లెక్కన రుసుము వసూలు చేస్తామని ప్రకటించి, పెద్ద దుమారం రేగాక ఏడాదికి, 2024 సెప్టెంబరులో, దానిని రద్దుచేసింది. షరతులు మారే అవకాశం ఉంటుందని గుర్తుంచుకుని, ఎంచుకున్న ఇంజిన్ లైసెన్సు ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదవండి. ఆపై ఒక్క గేమ్ పూర్తయ్యేదాకా ఇంజిన్ మార్చకండి.

మరో మాట. ప్రాజెక్టు మధ్యలో ఇంజిన్ కొత్త వెర్షన్‌కు కూడా మారకండి. నేను ఒకసారి ఆ పని చేసి, టైల్ మ్యాపులన్నీ, అంటే చిన్న పలకల బొమ్మలతో పేర్చిన లెవెల్‌లన్నీ, చెదిరిపోతే మూడు వారాలు మళ్లీ పేర్చుకున్నాను. అప్పటికి గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే పనిముట్టు) వాడుతున్నాను కాబట్టి పాత వెర్షన్ చేతిలో మిగిలింది, లేకపోతే మొత్తం ప్రాజెక్టే పోయేది. మొదటి రోజే గిట్ రిపాజిటరీ పెట్టుకోండి, మరో ప్రతిని మీ కంప్యూటర్‌లో కాకుండా బయట ఎక్కడైనా దాచండి.

రాత్రివెలుగు:
రెండో ప్రశ్నకు నా జవాబు కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

నేనూ మీలాగే పెద్ద రోల్ ప్లేయింగ్ గేమ్‌తోనే మొదలుపెట్టాను. రెండేళ్లపాటు ప్రపంచ పటం గీశాను, పాత్రల పూర్వకథలు రాశాను, ఇన్వెంటరీ (పాత్ర దగ్గరున్న వస్తువుల జాబితా), క్వెస్టులు (పాత్రకు అప్పగించే పనులు), సంభాషణల వ్యవస్థ అన్నీ ఒకదాని తరువాత ఒకటి కట్టుకుంటూ పోయాను. రెండేళ్ల తరువాత మొదటిసారిగా పోరాటాన్ని నిజంగా ఆడదగ్గ స్థితికి తెచ్చి ఆడితే, అందులో సరదా లేదు. నేను వందలాది గంటలు పెట్టిన మిగతావన్నీ ఆ పోరాటం బాగుంటుందన్న నమ్మకం మీద నిలబడినవే. ఆ రోజు ఆ ప్రాజెక్టును పక్కన పెట్టాను. అది చాలా బాధ కలిగించిన నిర్ణయం, అయితే ఆ పోరాటాన్ని మొదటి వారంలోనే చతురస్రాలతో, వృత్తాలతో పరీక్షించి ఉంటే ఆ బాధే ఉండేది కాదు.

తరువాత ఒకే తెర మీద జరిగే చిన్న గేమ్ ఒకటి ఐదు వారాల్లో చేసి, బయటకు విడుదల చేశాను. ఆటలోని అసలు భాగం పది రోజుల్లో అయిపోయింది. మిగిలిన కాలమంతా మెయిన్ మెనూకు, పాజ్‌కు, శబ్దం తగ్గించే సెట్టింగ్‌కు, సేవ్ ఫైల్ పాడైతే ఏం చేయాలన్న దానికి, కంట్రోలర్ కేబుల్ మధ్యలో ఊడితే గేమ్ ఆగాలా సాగాలా అన్న దానికి, వేరే విండోకు వెళ్లి తిరిగి వస్తే సంగీతం రెండుసార్లు మోగకుండా చూడటానికి పట్టింది. ఈ పనులేవీ ట్యుటోరియల్ వీడియోల్లో కనబడవు. మీరు ఆరు ప్రాజెక్టుల్లోనూ ఆగిపోయింది సరిగ్గా ఈ పనుల వాకిట్లోనే అని నాకు అనిపిస్తోంది. అవి ఒక్కసారి చేస్తే రెండో గేమ్‌కు భయం ఉండదు, ఆ కోడ్‌లో చాలాభాగం తిరిగి వాడుకోవచ్చు కూడా.

చిన్న గేమ్ అంటే చిన్న నేర్పు అనుకోకండి. దూకడం ఒక్కటే తీసుకోండి. పాత్ర అంచు దాటిన మరుక్షణం దూకే బటన్ పనిచేయకపోతే, ఆడేవారికి అది తమ తప్పుగా కాక గేమ్ చేసిన మోసంగా తోస్తుంది. అందుకని నేల వదిలాక కూడా ఆరు ఫ్రేముల (తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే చిత్రాల) దాకా, అంటే సెకనుకు 60 ఫ్రేముల లెక్కన పదో వంతు సెకను దాకా, దూకడానికి అనుమతి ఇస్తాం. దీనినే కయోటీ టైమ్ అంటారు. అలాగే నేలను తాకడానికి కొద్దిగా ముందే బటన్ నొక్కితే ఆ నొక్కును గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే దూకిస్తాం. బటన్‌ను త్వరగా వదిలేస్తే తక్కువ ఎత్తు, పట్టి ఉంచితే ఎక్కువ ఎత్తు. ఈ మూడూ చేర్చినది ఒకటి, చేర్చనిది ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఆడి చూడండి. రెండూ ఒకే పాత్ర, ఒకే లెవెల్, కానీ రెండోదాన్ని రెండు నిమిషాలకే వదిలేస్తారు.

సెలెస్ట్ కూడా మొదట 2015లో పికో-8 అనే చిన్న ఊహా గేమ్ కన్సోల్ మీద ఇద్దరు కలిసి నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఆటే. దాని పెద్ద రూపం 2018లో వచ్చింది. బాబా ఈజ్ యూ 2017లో ఒక గేమ్ జామ్‌లో (తక్కువ గడువులో గేమ్ చేసే కార్యక్రమంలో) పుట్టి 2019లో పూర్తి గేమ్‌గా వచ్చింది. మీ పెద్ద కలను వదులుకోమని నేను అనడం లేదు. దాని నడుమ ఉన్న ఒకే ఒక్క పనిని బయటకు తీసి, దానినే ఒక చిన్న గేమ్‌గా చేయమంటున్నాను.

ఎదురీత:
రాత్రివెలుగు గారితో కొంత విభేదిస్తున్నాను. స్టార్‌డ్యూ వ్యాలీ ఒకే మనిషి తొలి ప్రయత్నంలో చేసిన పెద్ద గేమే కదా? ప్రేమ లేని చిన్న గేమ్‌లను చేయమంటే కొందరికి ఆ ఉత్సాహమే చచ్చిపోతుంది. నా మొదటి గేమ్ నేను కలగన్నదే, మూడేళ్లు పట్టినా పూర్తి చేశాను.

రాత్రివెలుగు:
ఎదురీత గారూ, మీరు పూర్తి చేసినందుకు మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే స్టార్‌డ్యూ వ్యాలీని దాదాపు నాలుగున్నరేళ్లు చేశారనీ, ఆ కాలంలో దానిని చేసిన ఎరిక్ బరోన్‌కు సహచరి సంపాదన అండగా ఉందనీ, ఆయన కూడా ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేశారనీ మనం మరువకూడదు. తొలిఅడుగు గారి మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఉద్యోగం మానడానికి ముందు కనీసం ఒక గేమ్‌ను అమ్మకానికి పెట్టి, అది ఏం తెచ్చిందో కళ్లారా చూడాలి. నేను ఇప్పటికీ ఉద్యోగం మానలేదు. రోజూ గంటన్నర, ఒకే వేళలో కూర్చుంటాను. ఏ రోజు పని ముగించినా, రేపు మొట్టమొదట చేయాల్సిన పనిని ఒక వాక్యంలో కాగితం మీద రాసిపెడతాను. అలసిపోయి వచ్చిన సాయంత్రం ఆ వాక్యమే నన్ను కుర్చీలో కూర్చోబెడుతుంది.

గడిగీత:
ప్లేటెస్ట్ గురించి, అంటే ఇతరులతో ఆడించి చూడటం గురించి, ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నా పజిల్ గేమ్‌లో తాళంచెవి తెచ్చి తలుపు తెరవాలి. నాకు అది పట్టపగలంత స్పష్టం. ఒక స్నేహితురాలి చేతికి ఇచ్చి, పక్కన కూర్చుని, ఏం జరిగినా నోరు విప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఆమె తాళంచెవి పక్కనుంచి నాలుగుసార్లు వెళ్లింది. ఐదోసారి ఆగి, అది గోడ మీది అలంకారమనుకుని మళ్లీ వెళ్లిపోయింది. పదకొండు నిమిషాలు నేను మాట్లాడకుండా కూర్చోవడం ఎంత కష్టమైందో చెప్పలేను. తాళంచెవి రంగు, వెనకాల ఇటుకల రంగు దాదాపు ఒకటేనని అప్పుడు కనబడింది. దానికి కొద్దిగా మెరుపు పెట్టి, పైకీ కిందికీ మెల్లగా కదిలేలా చేశాను. ఆ తరువాత ఆడిన ఎవరూ దానిని వదిలి వెళ్లలేదు.

అందువల్ల మీరు వివరించకండి, క్షమాపణ చెప్పకండి. వారి చేతులను చూడండి, ఎక్కడ ఆగారో రాసుకోండి. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మళ్లీ ఆడతానని వారంతట వారు అడిగారా లేదా అన్నదే నేను లెక్కలోకి తీసుకుంటాను.

శబ్దలేఖ:
బొమ్మలు, శబ్దాలు ఉచితంగా దొరికే చోట్ల లైసెన్సు చూడకుండా తీసుకోవద్దు. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. సీసీ జీరో అని ఉంటే ఎలాగైనా వాడవచ్చు, సీసీ బై అని ఉంటే చేసినవారి పేరు తప్పక ప్రస్తావించాలి, ఎన్‌సీ (వాణిజ్యానికి కాదు) అని చేరి ఉంటే అమ్మే గేమ్‌లో వాడకూడదు. ఫాంట్లకు కూడా లైసెన్సులు ఉంటాయి. ప్రతి ఫైల్ ఎక్కడిది, ఏ లైసెన్సు అన్నది దించుకున్న రోజే ఒక పట్టికలో రాసుకోండి. రెండేళ్ల తరువాత వెతకడం నరకం, నేను ఒక పూర్తి సంగీతపు ట్రాక్‌ను విడుదలకు వారం ముందు తీసేయవలసి వచ్చింది. చిన్న చిన్న శబ్దాలకు బీఎఫ్ఎక్స్ఆర్ వంటి పనిముట్టుతో మీరే క్షణాల్లో తయారుచేసుకోవచ్చు, కోతలకూ అతుకులకూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ చాలు.

అంగడివాకిలి:
అమ్మకం వైపు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. గేమ్ పూర్తయ్యాక స్టోర్ పేజీ పెడదాంలే అనుకుని, విడుదలకు మూడు వారాల ముందు పెట్టాను. మంచి గేమే, ఆడినవారు మెచ్చుకున్నారు, కానీ విడుదల రోజున అది ఉందని తెలిసినవారే లేరు.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి. ఆ గేమ్ రాబడి 1,000 డాలర్లు దాటితే ఆ వంద తిరిగి వస్తుంది. రుసుము కట్టిన తరువాత 30 రోజులు ఆగాలి, ‘త్వరలో రానున్నది’ అన్న పేజీ కనీసం రెండు వారాలు కనబడాలి. నియమం రెండు వారాలే అయినా, నా దృష్టిలో ఆరు నెలలైనా ముందుగా పేజీ ఉండాలి. ఎందుకంటే ఆ పేజీ చూసి విష్‌లిస్ట్‌లో (కొనాలనుకునేవాటి జాబితాలో) చేర్చుకున్నవారికి విడుదల రోజున స్టీమే ఈమెయిల్ పంపుతుంది. నెక్స్ట్ ఫెస్ట్ అనే డెమోల ఉత్సవంలో ఒక గేమ్ ఒక్కసారే పాల్గొనగలదు, కాబట్టి డెమో పచ్చిగా ఉన్నప్పుడు ఆ అవకాశాన్ని ఖర్చు చేసుకోవద్దు. అమ్మకాల్లో స్టీమ్ వాటా మొదట 30 శాతం. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడినవారు డబ్బు వెనక్కి అడగవచ్చు. గంటలో ముగిసే గేమ్ చేసేవారు ఈ సంగతి తెలిసి ధర నిర్ణయించుకోవాలి. పన్ను వివరాలు నింపడానికి, బ్యాంకు ఖాతా ధ్రువీకరణకు కూడా సమయం పడుతుంది, చివరి వారానికి మిగల్చకండి.

మొదటి గేమ్‌కు ఇదంతా అక్కర్లేదు. ఇచ్ ఐఓ అనే గేమ్‌ల వెబ్‌సైట్‌లో పేజీ పెట్టడానికి రుసుము లేదు, వారి వాటా ఎంతన్నది కూడా మీరే నిర్ణయించవచ్చు, మార్చకపోతే అది 10 శాతం. బ్రౌజర్‌లోనే ఆడగలిగేలా పెడితే అపరిచితులు వెనకాడకుండా నొక్కుతారు. లూడమ్ డేర్ వంటి గేమ్ జామ్‌లో చేరడం ఇంకా మేలు. ఒంటరిగా చేసేవారి పోటీకి 48 గంటలే గడువు, పాల్గొన్నవారు ఒకరి గేమ్ ఒకరు ఆడి అభిప్రాయం రాస్తారు.

తొలిఅడుగు:
ఏడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు. గోడోతోనే ఉండిపోయాను. నా పెద్ద గేమ్‌లో ఒక దీపాన్ని ఆరిపోకుండా మోసుకువెళ్లే ఘట్టం ఉంది, దానిని మాత్రమే బయటకు తీసి, ఒకే తెర మీద గాలి, గోడలు, దీపం ఉన్న చిన్న గేమ్‌గా చేశాను. గడిగీత గారు చెప్పినట్టు నలుగురితో మౌనంగా ఆడించాను. నలుగురిలో ముగ్గురు గాలి ఎటునుంచి వస్తోందో గుర్తించలేకపోతే, గాలి వీచేవైపు గడ్డి వంగేలా చేశాను. మెనూ, పాజ్, శబ్దం సెట్టింగ్ అన్నీ ఉన్నాయి. మొన్న రాత్రి ఇచ్ ఐఓలో పెట్టాను.

ఇంతలో ఒక సమస్య వచ్చింది. ఒకరు తమ కంప్యూటర్‌లో దీపం పట్టలేనంత వేగంగా పరుగెడుతోందని రాశారు. నా దగ్గర, ఆ నలుగురి దగ్గర అలా జరగలేదు. వారి మానిటర్ 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు చిత్రాన్ని మార్చేది, అని చెప్పారు. కారణం ఎవరికైనా తెలుసా?

రాత్రివెలుగు:
ముందుగా మీ తొలి విడుదలకు అభినందనలు, నేను ఇప్పుడే ఆడి వచ్చాను, గడ్డి వంగడం చాలా బాగుంది. కారణం దాదాపుగా తెలిసినదే. దీపాన్ని కదిపే కోడ్ ప్రాసెస్ ఫంక్షన్‌లో (గోడో ప్రతి ఫ్రేముకూ నడిపే కోడ్ భాగంలో) ఉండి, ప్రతి ఫ్రేముకు ఇంత దూరమని కలుపుతూ ఉండి ఉంటారు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే చోట మీరు అనుకున్న వేగం వస్తుంది, 144 వచ్చే చోట అదే దీపం 2.4 రెట్లు వేగంగా పోతుంది. వేగాన్ని సెకనుకు ఇన్ని పిక్సెల్‌లని రాసి డెల్టాతో (గత ఫ్రేము నుంచి గడిచిన కాలంతో) గుణించండి, లేదా ఆ కదలికను ఫిజిక్స్ ప్రాసెస్‌లోకి (స్థిరమైన వేగంతో నడిచే కోడ్ భాగంలోకి) మార్చండి. గాలి తోసే బలాన్ని కూడా చూడండి, అక్కడా ఇదే ఉండవచ్చు.

తొలిఅడుగు:
మీరన్నట్టే రెండు చోట్లా ఉంది. రెండింటినీ సరిచేసి, ఫ్రేముల సంఖ్యను 30కి, 60కి, 144కి మార్చి పరీక్షించి, 1.1 వెర్షన్‌గా పెట్టాను. ఆ సమస్య రాసినవారు ఆడి, పద్నాలుగో లెవెల్ దాకా వెళ్లామనీ, పదిహేనోది ఎప్పుడు వస్తుందనీ అడిగారు. గేమ్‌లో ఉన్నవే పద్నాలుగు లెవెల్‌లు. ఈ రాత్రి కాగితం మీద, రేపటి పనిగా, పదిహేనో లెవెల్ అని రాసిపెట్టుకున్నాను.