అప్‌డేట్: 'జస్ట్' గొడవ తేలింది

'ఐ డోంట్ జస్ట్ లైక్ ఇట్' అన్నదాన్ని 'నాకు అస్సలు నచ్చదు' అని తెలుగు చేస్తే తప్పెందుకైందని అడిగాను కదా, తేలింది. అందరికీ థాంక్స్.

పనిచేసింది 'జస్ట్ ఎక్కడుందో చూడు' అన్న సలహానే. 'డోంట్'కి ముందొస్తే అస్సలు నచ్చదని. తర్వాతొస్తే నచ్చడం ఒక్కటే కాదు, అంతకు మించి అని. అంటే పొగడ్తని కాస్తా తిట్టు చేసి కూర్చున్నా! ఎడిటర్‌గారూ అదే మాట అన్నారు.

'ఇప్పుడే', 'సరిగ్గా', 'కేవలం' అంటూ నేను రాసుకున్న అర్థాల పట్టిక ఇక్కడ అక్కరకు రాలేదు. నిఘంటువులో 'జస్ట్'కి 'న్యాయమైన' అన్న విశేషణార్థం కూడా ఉండి తికమకపెట్టింది గానీ, దానికీ దీనికీ సంబంధమే లేదు. 'ఇప్పుడే తిన్నా' అనడానికి అమెరికన్ల 'ఐ జస్ట్ ఏట్', బ్రిటిష్‌వాళ్ళ 'ఐ హావ్ జస్ట్ ఈటెన్' చర్చ బాగుంది గానీ, అది వేరే సంగతి.

'జస్ట్ ఎ మినిట్' మాత్రం 'ఒక్క నిమిషం'గానే ఉంచేశా.