అప్‌డేట్: ఉపవాస ప్రార్థన రోజు తలనొప్పి, కారణం దొరికింది

వారానికోసారి ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతోందని, ప్రార్థనలో మనసు నిలవడం లేదని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు. "కాఫీ సంగతి చూసుకోండి" అన్నవారి మాటే నిజమైంది.

డాక్టర్ చూస్తే బీపీ, షుగర్ రెండూ మామూలే. నాలా రోజుకు నాలుగు కప్పుల కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే, చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో ఈ నొప్పి మొదలవుతుందట. ముందురోజు సాయంత్రం ఐదింటిదే నా ఆఖరి కప్పు. లెక్క సరిపోయింది.

రెండు రోజులకో కప్పు తగ్గిస్తూ, వారం తిరిగేసరికి రోజుకు ఒక్క కప్పుకు దిగాను. ఉపవాసం రోజు నీళ్లు మానడం లేదు. మొదటిసారి కాస్త తల బరువు, తర్వాతి రెండుసార్లు అదీ లేదు.

కొందరు కారణాలుగా చెప్పిన కళ్లజోడు, మోకరించే తీరు, "విశ్వాసం తక్కువ" అన్న మాట... వీటికీ నొప్పికీ సంబంధం లేదు. మత్తయి 6:16-18 ప్రకారం ఉపవాసం మనుషులకు కనబడకూడదు. నా ముఖం చూస్తే ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది!

షుగర్ మందులు వాడేవారు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం మొదలుపెట్టకండి.