బాండు సొమ్ముతో కట్టే శాఖా గ్రంథాలయం: పౌర పర్యవేక్షణ సంఘం ఎంతవరకు అడగవచ్చు?

ప్రశ్న

కాలిఫోర్నియాలో మేముంటున్న నగరంలో శాఖా గ్రంథాలయాలను బాగుచేయడానికీ, కొన్నింటిని కొత్తగా కట్టడానికీ ఓటర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో బాండును, అంటే ఆ పనికి నగరం తెచ్చే అప్పును, ఆమోదించారు. ఆ ఖర్చును గమనించే పౌర పర్యవేక్షణ సంఘంలో ఎనిమిది నెలలుగా నేను సభ్యురాలిని. వృత్తిరీత్యా లెక్కలు చూసేదాన్నే గాని, నిర్మాణ వ్యవహారాలు నాకు కొత్త. మూడు నెలలకొకసారి మాకు అందే నివేదికలో ప్రతి శాఖ పేరుకెదురుగా "బడ్జెట్‌కు లోబడి ఉంది" అన్న మాటే కనిపిస్తోంది. అయితే కిందటి వారం మా పేట శాఖ తాజా నక్షాలు చూసినప్పుడు, ఎన్నికల ముందు ఇంటింటికీ పంచిన కరపత్రంలో ఉన్న సమావేశ మందిరం అందులో లేదు; పిల్లల గది కూడా దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. కారణమడిగితే, సొమ్ము చట్టప్రకారం ఖర్చవుతోందా లేదా అన్నదే మీరు చూడాలి, భవన నమూనా మీ పరిధిలోకి రాదు అని సిబ్బంది మర్యాదగానే చెప్పారు. ఆ బాండుకు ఓటు వేయమని మా వీధిలో తలుపు తలుపూ తట్టి అడిగినవారిలో నేనూ ఉన్నాను కనుక ఆ జవాబుతో ఊరుకోలేకపోతున్నాను. మా సంఘం ఎంతవరకు అడగవచ్చు, ఏయే పత్రాలు కోరాలి?

మొదటి సమాధానం

ప్రభుత్వ భవనాల నిర్మాణంలో ప్రాజెక్టు మేనేజరుగా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. "బడ్జెట్‌కు లోబడి ఉంది" అన్న వాక్యం చదవగానే "ఏ బడ్జెట్‌కు?" అని అడగండి. బడ్జెట్‌ను సవరించిన ప్రతిసారీ ఆ సవరించిన అంకెతోనే పోల్చుకుంటూ పోతే ఏ పనీ ఎప్పుడూ దాటినట్టు కనిపించదు. కాబట్టి ప్రతి శాఖకూ ఓటింగు నాటి అంచనా, మొదట ఆమోదించిన బడ్జెట్, ప్రస్తుత బడ్జెట్, కుదిరిన ఒప్పందాల మొత్తం, ఇప్పటివరకు చెల్లించినది, పని పూర్తయ్యేనాటికి కాగల ఖర్చు, ఇవన్నీ ఒకే వరుసలో ఉండే పట్టిక కోరండి. ఆ పక్కనే ఓటర్లకు చెప్పిన వైశాల్యం, గదులు, ఇప్పటి నక్షాల్లో ఉన్న వైశాల్యం, గదులు కూడా రాయమనండి. ఈ చివరి భాగాన్ని ఎవరూ వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, మీ సమస్యంతా అక్కడే ఉంది. పది లక్షల డాలర్లు అదనంగా ఖర్చయితే పత్రికలు రాస్తాయి. అంత విలువైన గదిని నక్షాల్లోంచి తీసేసి బడ్జెట్ నిలబెట్టుకుంటే ఎవరి దృష్టికీ రాదు. రెండింటిలోనూ ఓటరు నష్టపోయింది ఒక్కటే.

గదులు మాయమయ్యేది సాధారణంగా నక్షాలు సగం తయారైన దశలో. అప్పుడు వచ్చిన అంచనా చేతిలో ఉన్న సొమ్మును మించితే, వాల్యూ ఇంజినీరింగ్ (ఖర్చు తగ్గించేందుకు నమూనాను సవరించడం) పేరుతో కోతల జాబితా తయారవుతుంది. ఆ జాబితా టెండరు పిలవకముందే మీ సంఘం ముందుకు రావాలి. టెండరు అయ్యాక, ఉన్నది ఒక్క కాంట్రాక్టరే కనుక, తీసేసిన గదిని తిరిగి చేర్చాలంటే ఛేంజ్ ఆర్డరు (ఒప్పందం కుదిరాక పనిలో చేసే మార్పు) రూపంలో పోటీ లేని ధర చెల్లించవలసి వస్తుంది.

పని మొదలైన శాఖల విషయంలో ఛేంజ్ ఆర్డర్ల చిట్టాను కారణాలతో సహా అడగండి. పాత గోడలు విప్పినప్పుడు ఆరోగ్యానికి హానిచేసే ఆస్బెస్టాస్ బయటపడటం వేరు, నక్షాల్లోని తప్పును సరిదిద్దుకోవడం వేరు, నగరం మధ్యలో మనసు మార్చుకోవడం వేరు. అనుకోని ఖర్చులకని పక్కన పెట్టిన కంటింజెన్సీ నిధిలో ఎంత శాతం అయిపోయిందో, పని ఎంత శాతం పూర్తయిందో పక్కపక్కన చూడండి. పునాదులు లేచేనాటికే సగం నిధి కరిగిపోతే ఆ శాఖలో మరో కోత రాబోతోందని ముందే గ్రహించవచ్చు.

రెండవ సమాధానం

పరిధి సంగతి నేను చెబుతాను. బ్యాలెట్‌పై అచ్చయిన తీర్మానానికీ, ప్రచార కరపత్రానికీ చట్టం దృష్టిలో చాలా దూరం ఉంది. 2001 నుంచి కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల బాండు తీర్మానాల్లో సొమ్ము ఏ నిర్దిష్ట ప్రయోజనాలకో పేర్కొనాలి, దానిని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పనులు ఏ దశలో ఉన్నాయన్నది ఏటా నివేదించాలి. ముందుగా మీ తీర్మానం పూర్తి పాఠం, తర్వాత మీ సంఘాన్ని ఏర్పరచిన నగర శాసనం దగ్గర పెట్టుకుని చదవండి. 55 శాతం ఓట్లతో ఆమోదం పొందే పాఠశాలల బాండ్లకు, 2000లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన 39వ ప్రతిపాదన, దానికి తోడైన చట్టం ద్వారా సంఘం కూర్పు, ఏటేటా జరగాల్సిన ఆడిట్లు రాష్ట్రమంతటికీ ఒకేలా నిర్దేశించారు గాని, అది గ్రంథాలయాలకు వర్తించదు. అందువల్ల మీ అధికారం ఎంతన్నది మీ నగర పత్రాల్లోనే వెతకాలి.

తీర్మానంలోని మాటలకు ఎంత బరువుందో మన రాష్ట్రంలోని బర్క్‌లీ నగర అనుభవం చూస్తే తెలుస్తుంది. అక్కడ 2008లో నాలుగు శాఖల కోసం 2.6 కోట్ల డాలర్ల బాండును ఓటర్లు ఆమోదించారు. ఆపైన రెండు శాఖలను పడగొట్టి కొత్తవి కట్టాలని నగరం నిర్ణయించగా, తీర్మానంలో ఉన్నది పునరుద్ధరణ, విస్తరణే గాని కూల్చివేత కాదంటూ 2010లో దావా పడింది.

మూడవ సమాధానం

శాఖా గ్రంథాలయంలో పనిచేసే నాకు పై మాటల్లో చాలావరకు సమ్మతమే, అయినా ఒక విషయంలో విభేదిస్తాను. ప్రతి కోతా నమ్మకద్రోహం కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2000 నవంబరులో ఓటర్లు 10.59 కోట్ల డాలర్ల బాండును ఆమోదించినా, అది చాలక 2007లో మళ్లీ ఓటర్ల అనుమతితో గ్రంథాలయ నిధిని పొడిగించి, దాని ఆధారంగా మరింత అప్పు తెచ్చుకునే వీలు కల్పించుకున్నారు. కట్టుబడి ధరలు పెరిగిన మాట దాచకుండా, ఏదైనా వదులుకోవాలా, లేక మరింత సొమ్ము ఇస్తారా అని మళ్లీ ప్రజలనే అడగడం మంచి పద్ధతి. మీ సంఘం కోరవలసింది కూడా అదే. గది కొలతలపై సంఘం తీర్పులిస్తూ కూర్చుంటే భవనం ఏళ్లు ఆలస్యమై, ఆ ఆలస్యమే ఇంకో గదిని మింగుతుంది.

ఇంకొక సంగతి. బాండు సొమ్ము గోడలు కడుతుంది గాని మా జీతాలివ్వదు. సియాటిల్‌లో 1998లో ఆమోదించిన 19.64 కోట్ల డాలర్ల బాండుతో చేపట్టిన కార్యక్రమం 2008లో పూర్తయింది; మరుసటి ఏడాదే బడ్జెట్ కోతలవల్ల గ్రంథాలయాలన్నిటినీ ఒక వారం మూసివేశారు. కొత్త శాఖ తెరిచాక వారానికి ఎన్ని గంటలు నడుస్తుందో, ఆ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో కూడా ఇప్పుడే అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తీర్మానం పూర్తి పాఠం చదివాను. పిల్లల సేవలకు స్థలం పెంచడం అందులో స్పష్టంగా ఉంది. సమావేశ మందిరం మాత్రం లేదు, అది కరపత్రంలోనే ఉంది. అంటే మందిరం గురించి వివరణ మాత్రమే అడగగలను, పిల్లల గది గురించి గట్టిగా నిలదీయగలను అనుకుంటున్నాను. మా శాఖకు ఇంకా టెండరు పిలవలేదు.

రెండవ సమాధానం ఇచ్చినవారు

సరిగ్గానే గ్రహించారు. సమావేశంలో మాటవరసకు లేవనెత్తితే "కార్యక్రమంలో లేదు" అని పక్కన పెట్టేయగలరు. స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలనే కాలిఫోర్నియా బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశపు కార్యక్రమ పత్రాన్ని కనీసం 72 గంటల ముందు ప్రకటించాలి కాబట్టి, పిల్లల గది వైశాల్యం, కోతల జాబితా అన్న అంశాన్ని అందులో చేర్చమని అధ్యక్షులకు ఇవాళే లిఖితపూర్వకంగా రాయండి. దాంతోపాటు టెండరు పిలిచే తేదీ ఎప్పుడో కనుక్కోండి. మీ సమావేశం దానికంటే ముందు జరగాలి, లేకపోతే ప్రత్యేక సమావేశం కోరండి.